నాన్న వాచీలో నాలుగు తప్పులు

సెంతిమియే, 1994 ఏప్రిల్ 5

అన్నయ్యా,

ముందే చెప్తున్నా, ఎవరూ పోలేదు. ఈ మధ్య నా ఉత్తరం చూడగానే నువ్వు చావులకి తొడిగే నల్లకోటు వెతుక్కుంటున్నావని తెలుసు. అందరం బాగున్నాం. ఏప్రిల్ వచ్చినా ఇక్కడ మంచు కరగలేదు. నా మోకాలు ఎప్పట్లాగే నన్ను తిడుతోంది.

ఈ ఉత్తరం వెనకే రిజిస్టరు పోస్టులో ఒక డబ్బా వస్తుంది. అందులో నాన్న వాచీ ఉంది. మూడు జతల ఊలు మేజోళ్ళలో చుట్టాను. మేజోళ్ళు కూడా నీకే, పద్ధతి పాటిస్తున్నానంటూ వాటిని వెనక్కి పంపకు.

సంగతేమిటంటే, మా మనవరాలు నొయెమి జూన్ ఇరవై ఐదున గడియారాల బడిలో చదువు పూర్తి చేస్తోంది. నువ్వూ, మా ఆయన ఒరెలూ చదివిన బడే. మా రోజుల్లో ఆడపిల్లల్ని ఆ తరగతి గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. ఇంటి కిటికీ దగ్గర కూర్చుని చక్రాలకి హెయిర్‌స్ప్రింగ్ అనే సన్నటి తీగచుట్ట తగిలించుకోమనేవాళ్ళు, నాలాగా. ఇప్పుడు తరగతిలో సగం మంది ఆడపిల్లలేనట. ఆ రోజు పిల్లకి నాన్న వాచీ ఇవ్వాలని నా కోరిక. ఇంతకాలం దాన్ని ఒరెల్ చూసుకునేవారు. ఆయన పోయిన ఈ రెండేళ్ళుగా అది ఆగిపోయి సొరుగులో ఉంది. ఈ ఊళ్ళో ఇంకెవరి చేతిలోనూ పెట్టబుద్ధి కాలేదు.

వేలంపాటకొచ్చే పాత వాచీల్లో ఏ భాగం పుట్టుకతో వచ్చిందో, ఏది తర్వాత ఎవడో అతికించిందో ఒక్క చూపులో చెప్పేస్తావట. నీ ఫొటో పేపర్లో పడితే రొట్టెల కొట్టావిడ కత్తిరించి మరీ ఇచ్చింది. అంత పెద్దవాణ్ణి ఇంత చిన్న పని అడుగుతున్నానని నవ్వుకో. శుభ్రం చేసి, నూనె వేసి పంపు చాలు.

ఒరెల్ అంత్యక్రియలకి నువ్వు పంపిన పూలు చాలా అందంగా ఉన్నాయి. వాటి బదులు నువ్వొచ్చి ఉంటే బాగుండేది. సరే, రాయకూడదనుకుంటూనే రాసేశాను.

నీ నెల్లీ

*

జెనీవా, ఏప్రిల్ 19

నెల్లీ,

మేజోళ్ళు అందాయి. ఒక కాలిది పొడుగు, ఒక కాలిది పొట్టి. నువ్వే అల్లావని పై చీటీ చూడకుండానే చెప్పగలను. తొడుక్కునే రాస్తున్నాను.

వాచీ విప్పాను. నీకు కాస్త కష్టంగా ఉండే సంగతులు రాయాలి, అందుకని ముందు వేరే కథ చెప్తా. పోయిన వారం ఒక పెద్దమనిషి వచ్చాడు. తాతగారి వాచీ, డెబ్బై ఏళ్ళుగా ఎవరూ ముట్టలేదు అన్నాడు. అంకెల మీద చీకట్లో వెలిగే పూత ముసలివాళ్ళ పళ్ళలా గోధుమరంగుకి తిరిగి ఉంది. ముళ్ళ మీద పూత మాత్రం నిన్న పూసినట్టుంది. కలిసి పుట్టినవైతే కలిసే ముసలివవుతాయి కదమ్మా. ఆ మాట చెప్తే ఆయన నా మీద కేసు పెడతానన్నాడు, తర్వాత కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. ఇలాంటివాళ్ళు నెలకి ఇద్దరు తగులుతారు. వాళ్ళ తాతల్ని నేనేదో తిట్టినట్టు చూస్తారు.

ఇప్పుడు మన నాన్న వాచీ. నాలుగు తప్పులున్నాయి.

నిమిషాల ముల్లు పొట్టిది. సరైనదైతే దాని మొన అంచున ఉన్న చుక్కల్ని తాకాలి. ఇది వాటిని దూరం నుంచి చూసి ఊరుకుంటోంది. గంటల ముల్లు ఏ సైనికుడి వాచీలోదో, లావుగా ఉంది, మీద వెలిగే పూత ఉంది. డయల్ మీద వెలిగే చుక్క ఒక్కటీ లేనప్పుడు ముల్లెందుకు వెలగాలి? కీ తిప్పే బొడిపె వాచీకి రెండింతలుంది. ఇవన్నీ ఒక ఎత్తు. లోపల బ్యాలెన్స్ చక్రం ఒక ఎత్తు. వాచీకి గుండె అదే. ఈ వాచీ చేసిన మన ఊరి వాగు పక్క ఫ్యాక్టరీ చక్రానికి అంచు పొడుగునా బుల్లి మరలుంటాయని నీకు నేను చెప్పాలా, వేల చక్రాలు నీ చేతిలోంచే వెళ్ళాయి. ఇందులో ఉన్నది నున్నటి అంచుది. ఏ చవక వాచీలోంచో పీకి, ఆకురాయితో అరగదీసి ఇరికించారు. నాన్న వాచీ ఇన్నేళ్ళూ రోజుకి నాలుగు నిమిషాలు ముందు నడిచిందెందుకో ఇప్పుడర్థమైంది.

ఈ అతుకుల బొంతని పిల్లకిస్తావా? గడియారాల బడిలో చదివిన పిల్ల మొదటిరోజే మూత తీస్తుంది. తీసి తలొంచుకుంటుంది. ఏ కసాయివాడు చేశాడీ పని?

మోకాలికి ఆవపిండి కట్టు కట్టు, మందులు మింగకు.

యులిస్

*

సెంతిమియే, ఏప్రిల్ 24

కసాయివాడి చుట్టమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి కాసేపు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ తప్పులన్నీ నా కళ్ళ ముందు పుట్టినవే. ఒక్కొక్కదానికీ పురుడు పోసింది నేనే అనుకో.

బొడిపె సంగతి. నాన్నకి డెబ్బై దాటాక వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆ బుల్లి బొడిపె పట్టు దొరికేది కాదు. రోజూ పొద్దున్నే పాలకేంద్రం దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి అక్కడి కుర్రదాని చేత కీ ఇప్పించుకునేవాడు. ఇంట్లో మమ్మల్ని అడగడానికి నామోషీ. పాలావిడ నాకు చెప్పింది, నేను ఒరెల్‌కి చెప్పాను. ఆయన వాచీ తీసుకెళ్ళి ఈ లావుపాటి బొడిపె పెట్టి తెచ్చారు. నాన్న దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుని, "ఇదేమిటి, తలుపు గడియ పెట్టావేమిటయ్యా" అన్నాడు. అన్నాడు గానీ ఆ పూట మూడుసార్లు కీ ఇచ్చుకున్నాడు.

లావు ముల్లు కూడా అంతే. చూపు తగ్గాక, శీతాకాలం నాలుగింటికే చీకటి పడితే, దీపం వెయ్యడానికి ప్రాణమొప్పని మనిషి కదా. వెలిగే ముల్లు పెట్టమని నేనే అడిగాను. నిమిషాల ముల్లు విరిచింది మా అమ్మాయి, రెండేళ్ళ వయసులో, చెంచాతో. ఒరెల్ దగ్గర ఉన్నవాటిలో అదే దగ్గరి కొలత. చుక్కల్ని తాకకపోతే ఏమైంది, నాన్న ఎప్పుడూ రైలు తప్పలేదు.

చూశావా, నువ్వు తప్పులంటున్నవి నాకు పేర్లతో సహా తెలుసు.

చక్రం సంగతి మాత్రం నాకు తెలియదు. అది ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. ఆయన ఉంటే చెప్పేవారు.

ఆవపిండి కట్టు కట్టాను, చర్మం ఊడింది. నీ వైద్యం నువ్వే చేసుకో.

నెల్లీ

*

జెనీవా, మే 3

చెల్లాయికి,

మూడు తప్పుల్ని మాఫీ చేస్తున్నాను. పాలకేంద్రం సంగతి నాకెవరూ చెప్పలేదు. చదివి ఆ లావు బొడిపెని నేనూ రెండుసార్లు తిప్పి చూశాను.

నాలుగోదాని సంగతి నీకు తెలియదన్నావు. నాకు తెలిసింది. ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. వెనక మూత లోపల, బాగుచేసినవాళ్ళు గుర్తు గీస్తారు కదా, పేరు పొడి అక్షరాలూ నెలా ఏడాదీ. అందులో అన్నిటికంటే పాత గీత ఓ.వి. 4.52. ఒరెల్ వియుమియే, యాభై రెండు ఏప్రిల్. చక్రం మారింది అప్పుడే, అరగదీసిన చోట నూనె మరకలు కూడా అంత పాతవే. అప్పటికి అతను బడిలో కుర్రాడు, జేబులో చిల్లిగవ్వ లేదు. వాగు పక్క ఫ్యాక్టరీ బ్యాలెన్స్ అంటే ఆ రోజుల్లో ఏ కొట్లోనైనా కళ్ళకద్దుకుని కొనేవాళ్ళు. మంచిది బయటికి వెళ్ళింది, చవకది లోపలికి వచ్చింది. ఇంతకంటే వివరంగా రాయను. ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటివి వందలు చూశాను.

నువ్వు బాధపడకు. కుర్రతనంలో ఎవరైనా తప్పు చేస్తారు. నేను సరైన చక్రం ఒకటి సంపాదించి వేశాను. వాచీ ఇప్పుడు నిక్కచ్చిగా నడుస్తోంది. ఇంకో మాట. నొయెమి మూత తీస్తుంది, తేదీ చూస్తుంది, తెలివైనదైతే నాలాగే లెక్కకడుతుంది. తాత మీద పిల్లకి చిన్నచూపు కలగడం నాకిష్టం లేదు. అందుకని ఆ గీతని మెరుగుపెట్టి చెరిపేస్తాను. మా వృత్తిలో మూతలో గీత చెరపడం మహాపాపం. నీ కోసం చేస్తున్నాను.

ఆ నున్నటి చక్రం పొట్లం కట్టి ఉంచాను. పారెయ్యమంటే పారేస్తా.

యులిస్

*

సెంతిమియే, మే 6

యులిస్,

ఏమీ చెరపొద్దు. వాచీ ఎలా పంపానో అలా వెనక్కి పంపు.

నలభై ఏళ్ళు కాపురం చేశాను. ఆ మనిషి పక్కింటివాళ్ళ యాపిల్ పండు మన కంచె లోపల రాలితే తిరిగి ఇచ్చొచ్చేవారు. నువ్వు ఆయన్ని మొదట్నుంచీ పురుగును చూసినట్టు చూశావు. మా పెళ్ళికి వచ్చి చర్చి వెనక వరసలో కూర్చున్నావు, భోజనానికి ఆగలేదు. ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు, ఆయనా అడగనివ్వలేదు. "మీ అన్నయ్యకి నా మీద కోపముంది, దానికి అతని కారణాలు అతనికుంటాయి" అనేవారు. ఇప్పుడాయన జవాబు చెప్పలేని చోట ఉన్నారని దొంగని చేస్తున్నావా?

నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నా కుందేలు జోలికి రాకు.

నెల్లీ

*

జెనీవా, మే 11

నెల్లీ,

నీ ఉత్తరం తొమ్మిదో తేదీన వచ్చింది. గీత ఎనిమిదినే చెరిపేశాను.

క్షమించమని అడగను, ఎందుకంటే తప్పు చేశానని ఇంకా అనిపించట్లేదు. కానీ నీకు నా మనసులో ఉన్నది చెప్పేస్తాను. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

యాభై రెండు మార్చిలో బడిలో మొదటి బహుమతి నాది, గుర్తుందా. ఊరికే తయారుచేసినందుకు కాదు, సరిగ్గా నడిచినందుకు. మూడేళ్ళు కూర్చుని నా చేత్తో చేసుకున్న వాచీ, ఎండలో పెట్టి, మంచులో పెట్టి, బోర్లా వెల్లకిలా పెట్టి పదిహేను రోజులు చూస్తే తేడా రోజుకి రెండు సెకన్లు దాటలేదు. ఒరెల్‌ది రెండో స్థానం. ఆ బహుమతే నన్ను జెనీవా తీసుకొచ్చింది. ఆ వాచీని నేను మళ్ళీ విప్పలేదు, నడపలేదు. హాల్లో గాజు బుడ్డి కింద ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాను.

అలాంటి నన్ను నాన్న ఏం చేశాడో తెలుసా. ఆయన వాచీ రోజూ నాలుగు నిమిషాలు ముందు నడుస్తుంటే, జెనీవా నుంచి వచ్చిన ప్రతిసారీ అడిగాను, ఇలా ఇవ్వు నాన్నా, పావుగంటలో సరిచేస్తానని. మణికట్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. "నీకెందుకురా, నువ్వు పెద్ద పెద్ద వాచీలు చూసుకో. ఇది ఒరెల్ చూస్తాళ్ళే" అనేవాడు. ఊళ్ళో మొదటివాణ్ణి నేను, మూత తీసే భాగ్యం రెండోవాడిది. మూడేళ్ళు అడిగి మానేశాను. తర్వాత రావడమూ తగ్గించాను. కొడుకు చేతి మీద నమ్మకం లేని తండ్రి దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

అరవై రెండేళ్ళవాణ్ణి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆ వాచీ మూత నేను తీయడం మొన్న ఏప్రిల్లోనే మొదటిసారి. తీసి చూస్తే గుండె ఉండాల్సిన చోట ఆ చవక చక్రం.

యులిస్

*

సెంతిమియే, మే 17

అన్నయ్యా,

గీత చెరిపేశావని చదివి రెండు రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. ఎలాగూ మాట్లాడుకోవట్లేదు గనక ఎవరికీ తెలియలేదు. మూడో రోజు నీ ఉత్తరం మళ్ళీ చదివాను. మార్చి అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఇది నిదానంగా చదువు. కూర్చుని చదువు.

మీ వాచీలు పరీక్షకి అప్పజెప్పాల్సిన రోజుకి ముందురోజు ఆదివారం. చివరిసారిగా చూసుకుంటానని నువ్వు వాచీని ఇంటికి తెచ్చావు. తెచ్చి, నీ స్నేహితులు పిలిస్తే కొండమీదికి మంచు మీద జారే బల్లలేసుకుని వెళ్ళిపోయావు. అమ్మ చర్చి వాళ్ళతో ఉంది. నేను వంటింటి కిటికీ దగ్గర పని చేసుకుంటున్నాను. నాన్న వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో మడిచిన కాగితం, అందులో ఒక బ్యాలెన్స్ చక్రం.

"ఒకాయన వాచీ చూద్దామని విప్పాను, పట్టకారు జారింది. చక్రం ఇరుసు విరిగింది, స్ప్రింగ్ నలిగింది. ఇంకో చక్రం తెచ్చాను. దీనికి కొత్త స్ప్రింగ్ తగిలించి పెట్టమ్మా. రేపు పొద్దున్నే ఆయనకి కావాలి" అన్నాడు.

"ఎవరు నాన్నా" అన్నాను.

"నీకెందుకు. రెండు సెకన్లు దాటకూడదు" అన్నాడు.

ఆదివారం ఆ పని చేయించుకునేదెవరో, అంత నిక్కచ్చిగా ఎందుకో నేను అడగలేదు. నాన్న అంత భయపడగా ఎప్పుడూ చూడలేదు, అందుకే అడగలేదు. నాలుగు గంటలు కూర్చున్నాను. బంగాళాదుంపలు అడుగంటి మాడిపోయాయి. నువ్వొచ్చి తిట్టావు, అది గుర్తుండే ఉంటుంది. నేను చక్రం ఇచ్చాక నాన్న తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ ఫ్యాక్టరీ చక్రాలన్నీ ఒకే రకం. అది ఎవరి వాచీలోంచి వచ్చిందో నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్ళూ ఆ సంగతే మర్చిపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను చెప్పు. సోమవారం పొద్దున మన ఇంట్లోంచి బయటికి వెళ్ళిన వాచీ ఏది? బడివాళ్ళు మీకిచ్చిన ముడి భాగాలు ఏ ఫ్యాక్టరీవి? నాన్న వాచీ ఏ ఫ్యాక్టరీది?

నమ్మలేక, బహుమతుల రోజు తీసిన ఫొటో వెతికి బయటికి తీశాను. నాన్న నీ భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. చొక్కా చెయ్యి పైకి జరిగి ఉంది. మణికట్టు బోడిగా ఉంది అన్నయ్యా. స్నానానికి కూడా ఆ వాచీ తీయని మనిషి. అడిగితే శుభ్రానికి ఇచ్చానన్నాడు, నెలరోజుల పాటు అదే మాట. ఆ తర్వాతే ఒరెల్ మన ఇంటికి రావడం మొదలుపెట్టింది. నాన్న ఆయన చేతికి గుండెలేని వాచీ ఇచ్చి ఉంటాడు. ఆయన తన దగ్గరున్న చవక చక్రాన్ని అరగదీసి పెట్టి ఉంటారు. జేబులో చిల్లిగవ్వ లేదని నువ్వే రాశావుగా.

ఇదంతా నా ఊహ అంటావు. నువ్వు సాక్ష్యం లేనిదే ఒప్పుకోవు. సాక్ష్యం నీ హాల్లో గాజు బుడ్డి కింద ఉంది. మీ మగవాళ్ళు మూతలో పేర్లు గీసుకుంటారు. హెయిర్‌స్ప్రింగ్ తగిలించే ఆడవాళ్ళకి పేరు గీసే చోటు ఎవరూ ఇవ్వలేదు. కానీ నేను ఎడమచేతివాటం దాన్ని. స్ప్రింగ్ చివర బిగించే ఇత్తడి శీల ఉంటుంది చూడు, వెంట్రుకంత. అందరూ కుడివైపు నుంచి దూర్చి కోస్తారు. నాది ఎడమవైపు నుంచి ఉంటుంది. నాకు పని నేర్పినావిడ దాని కోసం నా వేళ్ళ మీద కొట్టేది, అయినా మారలేదు.

విప్పి చూడు. చూశాక ఏం చేస్తావో నీ ఇష్టం.

నెల్లీ

*

జెనీవా, మే 30

నెల్లీ,

శీల ఎడమవైపు నుంచి ఉంది.

నీ ఉత్తరం వచ్చిన పదిరోజులకి గానీ ఆ గాజు బుడ్డి ఎత్తలేకపోయాను. దేశదేశాల వాచీల్లో ఇంకొకడి చెయ్యి పడిన చోటు పట్టుకుని జీతం తీసుకుంటున్న మనిషిని. మా హాల్లో, నేను రోజూ కాఫీ తాగే కుర్చీకి రెండడుగుల దూరంలో ఉన్నదాన్ని నలభై రెండేళ్ళు చూడలేదు. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు.

ఒక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తాను. నా చేతిలో ఉన్నంతకాలం ఆ వాచీ రోజుకి తొమ్మిది సెకన్లు తప్పేది. ఎంత కిందామీదా పడ్డా తగ్గలేదు. పరీక్ష గదిలో రెండు దాటలేదు. ఎందుకలా మారిందని ఒక్కసారైనా అనుమానం రావాలా వద్దా? రాలేదు. నా చేతి మహిమ చివరికి ఫలించిందనుకున్నాను. ఆ బహుమతి నీది. నీ నాలుగు గంటలది, మాడిపోయిన బంగాళాదుంపలది. తరగతి గుమ్మం తొక్కనివ్వని బడిలో నువ్వు మొదట వచ్చావు.

నాన్న నన్ను మూత ఎందుకు తీయనివ్వలేదో కూడా ఇప్పుడు తెలిసింది. నమ్మకం లేక కాదు. తీస్తే తెలిసిపోతుందని. నా పని చూసుకుని మురిసిపోదామని విప్పి, విరిచి, తన వాచీలోది పీకి పెట్టాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు నేను వచ్చిన ప్రతిసారీ మణికట్టు దాచుకున్నాడు. నేను దాన్ని ఇంకోలా చదువుకుని ఇంటికి రావడం తగ్గించాను. ఆయన ఎంత కుమిలి ఉంటాడో తలుచుకుంటే భోజనం సహించట్లేదు.

ఇప్పుడు అసలు చక్రం నా బల్ల మీదే ఉంది. దాన్ని తీసి నాన్న వాచీలో పెడితే వాచీ నూటికి నూరుపాళ్ళు సరైనది అవుతుంది. ఏ వేలంపాటలోనైనా కళ్ళు మూసుకుని సంతకం పెడతాను. పెట్టలేదు. ఆయన నాకు తీసి ఇచ్చినదాన్ని వెనక్కివ్వడానికి నేనెవర్ని? నేను సంపాదించి వేసిన కొత్తది పీకేసి, పొట్లంలో దాచిన నున్నటి చక్రాన్నే మళ్ళీ పెట్టాను. ఒరెల్ దాన్ని ఎంత బాగా అరగదీశాడో ఈసారి కంటి అద్దం పెట్టుకుని తీరిగ్గా చూశాను. ఇరవై ఏళ్ళ కుర్రాడి పని అది. నాకు ఆ వయసులో చేతనయ్యేది కాదు.

గీత మాత్రం తిరిగి తేలేను. అలాంటిదే గీయగలను, ఎవరూ పట్టుకోలేరు కూడా. కానీ అది నకిలీ అవుతుంది. అక్కడ నా మెరుగు మచ్చ ఉంది, అంతే. నన్ను ఎంత తిట్టినా పడతాను.

ఇక నీకు తెలియనిది ఒకటి నా దగ్గరుంది. దాన్ని ఇన్నాళ్ళూ నేను తప్పుగా మోశాను.

ఫలితాలు చెప్పిన రోజు అందరి వాచీలూ మూతలు తీసి బల్లమీద పెట్టారు. కుర్రాళ్ళందరూ వరసగా చూసుకుంటూ వెళ్తున్నారు. ఒరెల్ నా వాచీ దగ్గర ఆగాడు. ఆగి, వెనక ఉన్నవాళ్ళు తోస్తున్నా కదలకుండా చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగాడు. "మీ ఇంట్లో ఎడమచేతివాటం ఎవరికి?"

నాకేం అర్థం కాలేదు. "మా చెల్లెలికి, అయితే ఏంటి" అన్నాను.

"ఒకసారి ఆమెని చూడొచ్చా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. బహుమతి పోయిన కసితో మా చెల్లెలి వెంట పడతానని నా మొహం మీదే చెప్తున్నాడనుకున్నాను. గుండెల మీద చెయ్యేసి వెనక్కి తోశాను. అతను వెళ్ళిపోయాడు. ఆ పై ఆదివారం మన గుమ్మంలో ఉన్నాడు. నేను ఆ రోజునుంచి అతనితో మాట్లాడలేదు. నలభై ఏళ్ళు నా దగ్గరున్న కోపం ఇదే.

అందులో ఇంకొకరి చెయ్యి పడిందని ఒక్క మాట జ్యూరీకి చెప్పి ఉంటే మొదటి బహుమతి అతనిది. జెనీవా అతనిది. చెప్పలేదు. నిన్ను చూడటానికి వచ్చాడు.

నేను ఒక్కసారి కూడా బావా అని పిలవలేదు. మా బావకి నేను చాలా అన్యాయం చేశాను నెల్లీ. ఇక్కడ రాయడం తప్ప ఎక్కడికి వెళ్ళి చెప్పుకోవాలో తెలియట్లేదు.

యులిస్

*

సెంతిమియే, జూన్ 4

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చింది శుక్రవారం. రొట్టె పొయ్యిలో పెట్టి చదివాను. మళ్ళీ మాడ్చాను, మన ఇంట్లో వాచీల సంగతి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మాడాల్సిందే.

ఏడ్చాను. చెప్పడానికి సిగ్గు లేదు. నిన్ను తిడదామని కూడా కూర్చున్నాను, కుదరలేదు. ఆ గీత పోయినందుకు నా కడుపు ఇంకా మండుతోంది, అది మండనీ. దానికి శిక్ష వేరే ఉంది. ఇరవై ఐదున నువ్వు రావాలి. వాచీ పోస్టులో పంపకు, జేబులో పెట్టుకుని రా. పిల్ల అందరి ముందూ మూత తీస్తుంది. ఈ మెరుగు మచ్చ ఏమిటి తాతయ్యా అని అడుగుతుంది, అడక్కపోతే నేను అడిగిస్తాను. అప్పుడు మీ బావ కథ మొదట్నుంచీ చివరిదాకా నీ నోటితో నువ్వే చెప్పాలి. తొమ్మిది సెకన్లతో సహా. నాన్న సంగతి కూడా చెప్పు. పాపం అంతకాలం దాచుకున్నాడు, ఇక బయటికి రానీ. నీళ్ళు నమిలితే నేను ఊరుకోను.

నీ వాచీని నువ్వేం చేసుకుంటావో నాకు తెలియదు. బహుమతి నాదని కాగితం మీద రాసి ఇచ్చావు, నాకది చాలు. ఆ కాగితాన్ని మా పెళ్ళి ఫొటో వెనక పెట్టాను.

ఆ ఆదివారం ఆయన మన గుమ్మంలో నిలబడ్డప్పుడు తలుపు తీసింది నేనే. నా చెయ్యి నిండా పిండి. ఆయన నా ముఖం వైపు చూడలేదు, చేతుల వైపు చూశారు. ఇదేం మనిషిరా అనుకున్నాను. ఎందుకొచ్చారని నాన్న అడిగితే వాచీ నూనె అప్పు కావాలన్నారు. పెళ్ళయ్యాక వందసార్లు అడిగాను, నిజం చెప్పు, ఆ రోజు ఎందుకొచ్చావని. "నూనె కోసం" అనేవారు. ఆసుపత్రిలో చివరి వారం కూడా అడిగాను. నవ్వి, నా ఎడమచెయ్యి తీసుకుని, "నూనె కోసమే" అన్నారు. నాన్న పరువు పోతుందని, నీ బహుమతి పోతుందని నా దగ్గర కూడా దాచుకున్నారు.

నేనేం అందగత్తెను కాదు, ఇంట్లో పడి ఉండేదాన్ని, ఎవరో ఒకరు దొరికారు కదా అని చేసుకున్నారేమోనని నలభై ఏళ్ళలో ఎన్నోసార్లు అనుకున్నాను. నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. నా ముఖం చూడకముందే ఆయన నా పని చూసి వచ్చారన్నమాట. ఆ మాట ఆయన నోటితో విని ఉంటే ఎంత బాగుండేది. నీ నోటితోనైనా విన్నాను.

ఇరవై ఐదున పదకొండింటి బండికి స్టేషన్లో ఉంటాను. భోజనానికి ఆగాలి ఈసారి.

నీ చెల్లెలు